పచ్చిదా, ఉడికిందా? పాస్తా క్యాలరీల లెక్క ఎక్కడ తప్పుతుంది

పోయిన నెల ఒక ఆదివారం మా తమ్ముడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. తమ్ముడంటే పిన్ని కొడుకు. మారతహళ్ళిలో పీజీలో ఉంటాడు. మాది కుందలహళ్ళి కాబట్టి ఆదివారం భోజనం మా ఇంట్లోనే. నెలన్నరగా ఫోన్లో ఒక యాప్ పెట్టుకుని, తిన్నదల్లా అందులో ఎక్కిస్తున్నాడు.

"అక్కా, రాత్రిపూట తినే పాస్తా ఒక్కటే ఏడొందల క్యాలరీలంట. అంటే పగలంతా మజ్జిగ తాగి బతకాలా?" అన్నాడు.

ఎంత తిన్నావురా అంటే ఫోన్ చూపించాడు. ఉడికిన పాస్తాని ప్లేటులో పెట్టి తూచాడు, 200 గ్రాములు వచ్చింది. యాప్‌లో 'పాస్తా' అని కొట్టి, పైన కనిపించిన మొదటి దాన్నే నొక్కి, 200 అని వేశాడు. 706 అని వచ్చింది, అంటే 100 గ్రాములకు 353. వాడు నొక్కింది ఎండు పాస్తా లెక్క. వాడు తిన్నది నీళ్ళు పీల్చి ఉబ్బిన పాస్తా. అసలు లెక్క 300 చిల్లర. సాస్ సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

తమాషా ఏంటంటే వాడి రూమ్మేటు దీనికి తిరగేసి చేస్తున్నాడు. వండే ముందు 120 గ్రాముల ఎండు పాస్తా తూచుకుని, యాప్‌లో 'ఉడికిన పాస్తా' కింద వేస్తున్నాడు. 184 అని చూసి మురిసిపోతున్నాడు. నిజానికి తింటున్నది 420 పైన. ఒకే గదిలో, ఒకే స్టవ్ మీద, ఒకే ప్యాకెట్లోంచి వండుకుని ఒకడు కడుపు మాడ్చుకుంటున్నాడు, ఇంకొకడు ఇంత తక్కువ తింటున్నా బరువెందుకు తగ్గట్లేదని థైరాయిడ్ టెస్టు చేయించుకున్నాడు.

ఇద్దరి పొరపాటూ ఒకటే. తూకం యంత్రం సరిగ్గానే ఉంది, యాప్‌లో అంకెలూ సరిగ్గానే ఉన్నాయి. ఏ స్థితిలో తూచారో అదే స్థితి లెక్కని వాడలేదు, అంతే.

బియ్యం విషయంలో ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మన భాషలోనే బియ్యం వేరు, అన్నం వేరు. పావుకిలో బియ్యం వండితే పావుకిలో అన్నం అవుతుందని ఎవరూ అనుకోరు. పాస్తాకి ఆ సౌకర్యం లేదు. ప్యాకెట్లో ఉన్నదీ పాస్తాయే, పళ్ళెంలో ఉన్నదీ పాస్తాయే. మాట ఒకటే అయ్యేసరికి లెక్క తప్పుతోంది. అన్నాన్ని తూచి బియ్యం లెక్క వేశావురా అన్నాను. వాడికి అప్పుడు వెలిగింది.

ఈ 353 ఎక్కడిది?

ఎండు పాస్తా 100 గ్రాములకు సుమారు 350 నుంచి 370 క్యాలరీలు ఉంటాయి. ఈ అంకెని గుడ్డిగా నమ్మక్కర్లేదు, మనమే కట్టుకోవచ్చు. ఎండు పాస్తా అన్నా అందులో కాస్త తేమ ఉంటుంది. ఇటలీ చట్టం అయితే 12.5 శాతానికి మించకూడదంటుంది. అంటే 100 గ్రాముల్లో పన్నెండు గ్రాముల పైచిలుకు నీళ్ళే. మిగిలినదాంట్లో పిండిపదార్థం 72 గ్రాములు, ప్రోటీన్ 13 గ్రాములు, కొవ్వు ఒకటిన్నర గ్రాము అనుకుందాం. పిండిపదార్థానికి గ్రాముకి 4 క్యాలరీలు, ప్రోటీన్‌కి 4, కొవ్వుకి 9. మొత్తం 353 చిల్లర.

ఈ 4-4-9 లెక్క పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో విల్బర్ అట్వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త వేసింది. ఆహారాన్ని మూసిన పాత్రలో పూర్తిగా కాల్చి ఎంత వేడి పుడుతుందో కొలిచాడు. తిన్నదంతా ఒంటికి పట్టదు కదా, మలమూత్రాల్లో పోయేదాన్ని కూడా కొలిచి తీసేశాడు. మిగిలిన సగటుని గుండ్రంగా సర్దితే వచ్చినవే ఈ 4-4-9. ప్యాకెట్ల మీద మనం చదివే అంకెల వెనక ఇప్పటికీ ఎక్కువగా ఉన్నది ఇదే పద్ధతి. సగటు అన్న మాట గుర్తుపెట్టుకోండి. బాదంపప్పులాంటి వాటి దగ్గర ఈ సగటు బాగానే తప్పుతుందని, అందులో ఉన్న శక్తి అంతా మన పేగులు లాగలేవని 2012లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులే తేల్చారు. పాస్తా, అన్నం లాంటి వాటికి మాత్రం బాగానే పనిచేస్తుంది.

ఇంకో చిన్న చిక్కు. మనం క్యాలరీ అంటున్నది నిజానికి కిలో క్యాలరీ, ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేసేంత శక్తి. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. వాళ్ళు 2017లో వేసిన భారతీయ ఆహార పట్టికల్లో 528 పదార్థాల వివరాలున్నాయి, అయితే శక్తి అంకెలు కిలోజౌళ్ళలో ఉంటాయి. బియ్యం దగ్గర 1491 అని చూసి గుండె ఆగినంత పనవుతుంది. 4.184తో భాగిస్తే 356. అంటే గ్రాముకి గ్రాము బియ్యం, ఎండు పాస్తా ఒకటే. పాస్తా తింటే లావైపోతాం, అన్నమైతే పర్లేదు అనేవాళ్ళు ఈ రెండు అంకెల్నీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి.

పలుకు మీద ఉంటే ఒక లెక్క, మెత్తబడితే ఒక లెక్క

ఉడికేటప్పుడు పాస్తాలోకి వెళ్ళేవి నీళ్ళు మాత్రమే. నీళ్ళకి క్యాలరీల్లేవు. కొద్దిగా పిండి నీళ్ళలోకి దిగుతుంది, వార్చిన నీళ్ళు గంజిలా తెల్లగా కనిపించేది అందుకే. అది చాలా కొద్ది, పట్టించుకోనక్కర్లేదు. ఉడికే నీళ్ళలో నూనె చుక్క వేస్తారు కొందరు, అందులోనూ చాలా భాగం వార్పుతో సింకులోకి పోతుంది.

పాస్తా ఎంత నీరు పీల్చింది అన్నదే అసలు ప్రశ్న. దానికి ఒకే జవాబు లేదు. ఇటలీ వాళ్ళు కోరుకునేట్టు కొరికితే నడుమ సన్నటి పలుకు తగిలేలా దించేస్తే 100 గ్రాములు 200 గ్రాములవుతుంది. మా ఇంట్లో పిల్లలు తినేలా మెత్తగా ఉడికిస్తే 250 దాకా పోతుంది. పచ్చిదాంట్లో ఉన్న 353 క్యాలరీలు రెండిట్లోనూ అవే. కానీ ఉడికాక తూస్తే, పలుకు మీదున్నది 100 గ్రాములకు 176 క్యాలరీలు, మెత్తటిది 141. ప్లేటులో 200 గ్రాములు పెట్టుకుంటే ఒకచోట 352, ఇంకోచోట 282. ఒకే ప్యాకెట్, ఒకే తూకం, డెబ్బై క్యాలరీల తేడా. యాప్‌లో 'ఉడికిన పాస్తా' అని ఉన్న అంకె, ఎవరో ఒకరు తమకి నచ్చినంత సేపు ఉడికించి కట్టిన లెక్క. సుమారు 155 దగ్గర ఉంటుంది. అది మన పాస్తా కాదు.

బెంగళూరులో దీనికి ఇంకో మెలిక ఉంది. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర కాదు, 97 దగ్గరే మరిగిపోతాయి. ప్యాకెట్ మీద తొమ్మిది నిమిషాలు అని రాసింది చూసి సరిగ్గా తొమ్మిదికి దించితే లోపల ఇంకా పచ్చిగా తగులుతుంది. మా అమ్మ చీరాల నుంచి వచ్చినప్పుడల్లా "మీ ఊళ్ళో పప్పు కూడా ఉడకదే" అంటుంది. కుక్కర్ లేకుండా వండితే ఆవిడ మాటలో నిజముంది. నేను పాస్తాకి ప్యాకెట్ చెప్పినదాని మీద ఒక నిమిషం, నిమిషంన్నర కలుపుకుంటాను. పక్కింటి చెన్నై వాళ్ళ అమ్మాయి వాళ్ళ ఊళ్ళో అదే ప్యాకెట్‌ని తొమ్మిది నిమిషాలకే దించుతానంటుంది.

ఇన్ని మారుతుంటే మరి దేన్ని పట్టుకోవాలి? మారనిదాన్ని. పచ్చిగా ఉన్నప్పుడు తూచాలి. ప్యాకెట్ మీద 100 గ్రాములకు ఇన్ని అని ఉన్న అంకె, వేరే చెప్పకపోతే, ప్యాకెట్లో ఉన్న సరుకుకే. పచ్చి బరువుకి ఆ అంకెనే వాడితే ఎంతసేపు ఉడికించారు, ఏ ఊళ్ళో ఉడికించారు అన్నవేవీ అడ్డం రావు.

గిద్దలు, సోలలు, నాణేలు

మా అమ్మకి ఈ తూకాలు అస్సలు నచ్చవు. ఒకటి, తినే తిండిని తూచి లెక్కపెడితే ఒంటికి పట్టదని ఆవిడ గట్టి నమ్మకం. రెండోది ఇంకా గట్టిది. "జీవితమంతా గిద్ద, సోల, తవ్వలతో వండాను, ఏనాడైనా అన్నం చాల్లేదన్నారా?" అని అడుగుతుంది. అన్లేదు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఎన్నో తరాలు ఈ కొలతలతోనే సంసారాలు నడిపాయి.

అయితే ఆ కొలత బియ్యానికి ఎందుకు కుదిరిందో చూడాలి. బియ్యపు గింజలు చిన్నవి, అన్నీ ఒకలాంటివి, సోలలో పోసి పైన చేత్తో రాస్తే మధ్యలో గాలి ప్రతిసారీ దాదాపు అంతే ఉంటుంది. పెన్నె పాస్తా గొట్టాల్లా ఉంటుంది, గొట్టం లోపలా గాలే, గొట్టాల మధ్యా గాలే. సీతాకోకచిలుకల ఆకారంలో వచ్చేది ఇంకా ఘోరం, ఒకదాని మీద ఒకటి నిలబడి గిన్నెంతా నిండినట్టు కనిపిస్తుంది. అమ్మ కాఫీ తాగే స్టీలు గ్లాసుతోనే కొలిచి చూశాను. తలకొట్టి పోస్తే పెన్నె 86 గ్రాములు, వంకర మాకరోనీ 112, సీతాకోకచిలుకలు 58. గ్లాసు అదే. ఒకదానికీ ఇంకోదానికీ దాదాపు రెట్టింపు.

పొడుగు పుల్లల్లా ఉండే స్పగెట్టి అయితే గ్లాసులో పట్టదు కాబట్టి దానికి నాణెం చిట్కా పుట్టింది. కట్ట కట్టి పట్టుకుంటే నాణెం అంత లావుంటే ఒకరికి సరిపోతుందంటారు. ఏ నాణెం? మన పర్సులో రూపాయి బిళ్ళలే రెండు మూడు సైజుల్లో ఉంటాయి. అసలు తంటా అది కూడా కాదు. కట్ట లావు కొంచెం పెరిగితే అందులో పుల్లల సంఖ్య కొంచెం పెరిగి ఊరుకోదు. వ్యాసం పెరిగిన కొద్దీ వైశాల్యం దాని వర్గంలో పెరుగుతుంది, బళ్ళో చదువుకున్నదే. 20 మిల్లీమీటర్ల కట్ట 22 అయితే కంటికి తేడా తెలీదు, బరువు మాత్రం 21 శాతం ఎక్కువ. 24 అయితే 44 శాతం. గరిట మధ్యలో చిల్లు, ప్లాస్టిక్ పలకలో రకరకాల చిల్లులు పెట్టి అమ్మే కొలతలకీ ఇదే జబ్బు. ఎంత బిగించి దూరుస్తామన్నది చేతిని బట్టి ఉంటుంది. నమ్మకం లేక ఒక సాయంత్రం ఒకరికి సరిపడా అనుకుంటూ ఐదుసార్లు పిడికిట్లోకి తీసి తూచాను. 74, 91, 83, 108, 96. చెయ్యి నాదే, పావుగంట తేడాలోనే.

వంటింటి కాటా ఆన్‌లైన్లో నాలుగైదు వందలకి దొరుకుతుంది. గ్రాము దాకా చూపించేది చాలు. ఖాళీ గిన్నె పెట్టి టేర్ అన్న బటన్ నొక్కితే సున్నా అవుతుంది, ఆపైన పోసిందే తూగుతుంది. పాత రోజుల్లో నూనె కొట్టువాడు ముందు ఖాళీ డబ్బాకి త్రాసులో సరితూకం వేసి, తర్వాత నూనె పోసేవాడు, అదే పని. కాటా సరిగ్గా ఉందా అని అనుమానమొస్తే అర లీటరు కొలత గ్లాసుడు నీళ్ళు పోసి చూడండి, 500 గ్రాములకి కాస్త అటూ ఇటూగా రావాలి. బల్ల ఊగకూడదు, పక్కన మిక్సీ తిప్పుతూ తూచకూడదు. ఐదు గ్రాముల లోపు వస్తువుల్ని ఈ కాటాలు సరిగ్గా పట్టవు, ఉప్పూ మిరియాలూ వాటి మీద తూచొద్దు. అంతకుమించి చెప్పడానికేం లేదు.

మరి ఎంత తూచుకోవాలి? ఇటలీలో ప్రామాణిక వడ్డన 80 గ్రాముల పచ్చి పాస్తా. అమెరికా ప్యాకెట్ల మీద 56 గ్రాములుంటుంది, వాళ్ళ కొలతలో రెండు ఔన్సులు. ఈ అంకెలు చూసి మనవాళ్ళు బెంగ పెట్టుకుంటారు, 80 గ్రాములు తింటే ఆకలి తీరలేదని. ఇటలీలో పాస్తా భోజనంలో మొదటి వాయి మాత్రమే, దాని తర్వాత మాంసమో చేపో కూర ముక్కలో వస్తాయి. మనం దాన్నొక్కదాన్నే రాత్రి భోజనం అంటాం. సాంబారన్నం వరకూ తిని లేచిపోయి, ఇంకా ఆకలేస్తోందేంటి అనుకున్నట్టుంటుంది. నా మటుకు నాకు 80 గ్రాముల పాస్తా, దానికి సమానంగా కూరగాయలు, ఒక గుడ్డో కాస్త పనీరో ఉంటే సరిపోతుంది. తమ్ముడికి 100 కావాలి, పెట్టుకోనీ. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం 65 కిలోల మగవాడు కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకి 2110 క్యాలరీలు, 55 కిలోల ఆడమనిషికి 1660. ప్యాకెట్ల మీద రోజువారీ అవసరంలో ఇంత శాతం అని వేసేది మాత్రం అందరికీ కలిపి 2000 లెక్కన. ఆ శాతం నాదీ కాదు, వాడిదీ కాదు.

అసలు దొంగ బాణలిలో ఉన్నాడు

ఇంతసేపూ పాస్తా గురించే మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఆ ఆదివారం మేం వండింది చూద్దాం. నలుగురికి వైట్ సాస్ పాస్తా. పక్కన కాటా పెట్టుకుని, వేసేది వేసినట్టు తూచి, సరుకుల బిల్లు వెనక రాశాను.

పెన్నె 320 గ్రాములు, 1130 క్యాలరీలు. వెన్న 30 గ్రాములు, 216. నూనె 20 గ్రాములు, 180. మైదా 30 గ్రాములు, 105. టోన్డ్ పాలు అర లీటరు, 300. చీజ్ మూడు ముక్కలు, 60 గ్రాములు, 186. క్యాప్సికం, క్యారట్, స్వీట్ కార్న్ కలిపి 300 గ్రాములు, 150. మొత్తం 2267.

పాస్తా వాటా అందులో దాదాపు సగం. మిగతా సగం, పేరులో లేని సరుకులది. నూనె, వెన్న, చీజ్ మూడూ కలిపి 110 గ్రాములే, అవి తెచ్చింది 582 క్యాలరీలు.

నూనె దగ్గరే నాకు కళ్ళు తెరుచుకున్నాయి. ముందు అలవాటు ప్రకారం సీసా వంచి రెండు చుట్లు తిప్పి పోశాను, కాటా 35 గ్రాములు చూపించింది. నేను ఒంపింది చూసి ఎవరైనా ఎక్కువ పోశావనరు. 20కి తగ్గిస్తే 135 క్యాలరీలు తగ్గాయి. 135 క్యాలరీలంటే 38 గ్రాముల ఎండు పాస్తా, ఒక మనిషి వడ్డనలో దాదాపు సగం. తమ్ముడు అక్కడ పాస్తాని గ్రాము గ్రాము ఏరుతూ కాటా మీద నుంచి రెండు పెన్నెలు తీసి డబ్బాలో వేస్తున్నాడు. ఒక పెన్నె గొట్టం గ్రాముకి కాస్త అటూ ఇటూ, మూడున్నర క్యాలరీలు. వెనక్కి తిరిగి నూనె సీసాని మాత్రం అలవాటుగా వంచబోయాడు.

నూనెని గ్లాసులో కొలిచేవాళ్ళు ఒకటి చూసుకోవాలి, నూనె నీళ్ళకంటే తేలిక. లీటరు ప్యాకెట్ మీద పక్కనే 910 గ్రాములు అని ఉండడం చాలామంది చూసే ఉంటారు. ఐదు మిల్లీలీటర్ల టీస్పూన్‌లో నాలుగున్నర గ్రాములు, 40 క్యాలరీలు. పదిహేను మిల్లీలీటర్ల పెద్ద చెంచా అయితే 120. మన పోపు గరిటలో ఇలాంటివి మూడు నాలుగు పడతాయి, మీది ఎంతదో ఒకసారి నీళ్ళు పోసి కొలుచుకోండి. సీసానే కాటా మీద పెట్టి టేర్ నొక్కి, బాణలిలో పోశాక మళ్ళీ సీసాని పెడితే, మైనస్ గుర్తుతో ఎంత ఖర్చయిందో అదే చెబుతుంది. గరిటకి అంటుకున్నది, చెంచాలో మిగిలింది అన్న పేచీ ఉండదు. వెన్నకీ తేనెకీ ఇదే మంచి పద్ధతి.

సరే, మొత్తం 2267 అని తేలింది. నలుగురు తినేటప్పుడు ఎవరి లెక్క ఎంత? నాలుగుతో భాగించొచ్చు, కానీ ఎవరూ సరిసమానంగా తినరు. మా ఆయన చీజ్ ఉన్న వైపు నుంచే వడ్డించుకుంటారు. ఇక్కడ పనికొచ్చే ఉపాయం ఒకటే. ఖాళీ బాణలి బరువు ముందే తూచి పెట్టుకోవాలి, మాది 1150 గ్రాములు. వంటయ్యాక బాణలితో సహా తూస్తే 2640. అంటే వండిన పదార్థం 1490 గ్రాములు. 2267ని 1490తో భాగిస్తే గ్రాముకి 1.52 క్యాలరీలు. ఇక ఎవరి ప్లేటు వాళ్ళు తూచుకోవడమే. తమ్ముడు 420 గ్రాములు పెట్టుకున్నాడు, 640 దాకా. నాది 350, 532. ఇందులో పాస్తా ఎంత పీల్చింది, సాస్ ఎంత ఇగిరింది అన్నవేవీ అక్కర్లేదు. ఇగిరిపోయేది నీళ్ళే కాబట్టి, మొత్తం క్యాలరీలు బాణలిలోనే ఉంటాయి. ఈ లెక్క పులిహోరకీ, బిర్యానీకీ, పప్పుకీ కూడా పనిచేస్తుంది. నేనైతే వారంలో ఎక్కువసార్లు వాటికే వాడతాను, పాస్తాకి కాదు.

ఐటీ వాళ్ళ ఊరు కదా, తమ్ముడు వెంటనే స్ప్రెడ్‌షీట్ తెరిచాడు. కొన్నిటికి దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలు వేశాడు. అక్కడే ఆపాను. ఈ లెక్కలో మనం వాడిన ప్రతి అంకె సగటే. గోధుమ పంట మారితే ప్రోటీన్ మారుతుంది, తేమ మారుతుంది. అమెరికాలో అయితే లేబుల్ మీద వేసినదానికంటే అసలు క్యాలరీలు 20 శాతం దాకా ఎక్కువున్నా నియమం ఒప్పుకుంటుంది. అలాంటి అంకెల మీద 532.52 అని రాసుకోవడం, ఉజ్జాయింపున అడిగిన భూమి ధరకి పైసలు కలిపి చెప్పినట్టుంటుంది. 530 అనుకో, పద అన్నాను.

హోటల్లో తిన్నప్పుడు కాటా బల్ల మీద పెట్టుకోలేం. పది, అంతకంటే ఎక్కువ బ్రాంచీలున్న హోటళ్ళు మెనూలో క్యాలరీలు వెయ్యాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం పెట్టింది, 2022 నుంచి అమల్లో ఉంది. పెద్ద చెయిన్ హోటళ్ళలో చూస్తే వంటకం పేరు కింద చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. ఇందిరానగర్‌లో ఒంటరి కేఫ్‌కి ఆ బాధ్యత లేదు. అలాంటి చోట పాస్తాని అంచనా కట్టడం కంటే సాస్‌ని అంచనా కట్టడమే పని. టమాటా సాసా, క్రీమా? 25 శాతం కొవ్వున్న క్రీమ్ 100 గ్రాములకి కొవ్వు నుంచే 225 క్యాలరీలొస్తాయి. టమాటా గుజ్జు అయితే అదే బరువుకి ముప్ఫై నలభైకి మించదు. ప్లేటు అడుగున నూనె ఎంత మిగిలిందో చూడండి, మిగిలింది తినలేదు కాబట్టి అది మీ లెక్కలోకి రాదు. ఇంటికి తెచ్చుకుని సాస్ కడిగి పాస్తాని తూచే పిచ్చి నాకింకా పట్టలేదు.

చల్లారిన పాస్తాలో క్యాలరీలు సగమైపోతాయని ఒక మాట వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అందులో అసలు విషయం కొంత ఉంది. ఉడికిన పిండి చల్లారేటప్పుడు కొంత భాగం మళ్ళీ గట్టిగా అల్లుకుంటుంది, దాన్ని చిన్నపేగు అరిగించుకోలేదు. చద్దన్నంలో జరిగేదీ అదే. మళ్ళీ వేడి చేసినా అంతా పోదు. కానీ అలా మారేది పిండిలో చిన్న వంతు. సగం ఎక్కడిది? ఫ్రిజ్‌లో పెట్టిన పాస్తాని కాస్త తక్కువ లెక్కలో వేసుకుంటే తప్పులేదు గానీ, దాని పేరు చెప్పి రెండు ప్లేట్లు తింటే ఆ లాభం మొదటి నాలుగు ముద్దల్లోనే ఖర్చయిపోతుంది.

మా అమ్మకి షుగర్. ఆవిడకి క్యాలరీల కంటే పిండిపదార్థం గ్రాములు ముఖ్యం, 80 గ్రాముల ఎండు పాస్తాలో అది 58 గ్రాముల దాకా ఉంటుంది. పాస్తా పిండి బాగా దట్టంగా ఒత్తి ఆరబెట్టింది కావడంతో, పలుకు మీద దించితే అన్నం కంటే నెమ్మదిగా అరుగుతుంది, మెత్తగా గుజ్జు చేస్తే ఆ గుణం తగ్గుతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఈ అంకెని తమ డాక్టరుతో మాట్లాడి వాడుకోవాలి, నా మాట మీద కాదు. ఇంకొకటి, అంకె చూడకుండా ముద్ద నోట్లో పెట్టుకోలేని స్థితి ఎవరికైనా వస్తే, ముందు తీసెయ్యాల్సింది కాటానే.

నేను రోజూ తూచను. ఒకసారి బాగా తూచి, ఆ తర్వాత అమ్మ పద్ధతిలోకి వెళ్ళిపోయాను. ఆవిడ స్టీలు గ్లాసులోనే 80 గ్రాముల పెన్నె తూచి పోసి, అది ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ మేకుతో గీత గీశాను. కొలత పాత్ర ఒకటే, పాస్తా ఆకారం ఒకటే ఉన్నంతకాలం ఇది కాటాకి అంతగా తీసిపోదు. నూనెకి మాత్రం ఇప్పటికీ కాటాయే, దాన్ని నా చేతికి వదిలెయ్యను. బాణలి అడుగున 1150 అని మార్కర్‌తో రాసి పెట్టుకున్నాను, అమ్మ వచ్చినప్పుడు ఇదేంటే మరక అని పీచు పెట్టి తోమేసింది, మళ్ళీ రాశాను.

మొన్న శనివారం సరుకుల్లో పెన్నె అయిపోయిందని స్ప్రింగుల ఆకారంలోది పంపించారు. తమ్ముడు గ్లాసు నిండా గీత దాకా పోయబోయి ఆగి, "అక్కా, ఇది ఆ గీతకి పనికిరాదు కదా?" అన్నాడు. కాటా పైన అరలోంచి దింపాను. గీత దాకా పోస్తే 76 వచ్చింది. ఇప్పుడు గ్లాసుకి రెండు గీతలు.